షుగరు కంటికి ఆపరేషను అయింది, చూపు 6/36 దగ్గర ఆగింది. పదేళ్లు దాటినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మద్దిలపాలెం_మేడమీద
మా నాన్నగారికి 63 ఏళ్లు. విశాఖ పోర్టులో పని చేసి రిటైరయ్యారు. షుగరు వచ్చి పందొమ్మిదేళ్లు. గత అక్టోబరులో ఒకరోజు పొద్దున్నే లేచి, "కుడి కంటి ముందు ఎవరో సిరా ఒలకబోసినట్టుంది" అన్నారు. కంట్లో రక్తం దిగిందనీ, కంటి వెనక ఉండే రెటీనా పొరను ఒక పక్క పట్టి లాగుతోందనీ చెప్పి విట్రెక్టమీ, అంటే కంట్లోని జెల్లీ తీసే ఆపరేషను, చేశారు. ఆపరేషనులోనే లేజరు కూడా వేసి, పొర అతుక్కోవడానికి లోపల గ్యాస్ పెట్టారు. పది రోజులు ఆయన్ని బోర్లా పడుకోబెట్టడానికి ఇల్లంతా పడిన పాట్లు వేరే కథ.

ఇప్పటికి నాలుగు నెలలు. నిన్న చూపిస్తే 6/36 (మామూలు కంటికి 6/6). అద్దాలు మార్చినా అంతే. రక్తం తీసేస్తే మునుపటిలా కనిపిస్తుందని మేము అనుకున్నాం. వాళ్లే అలా చెప్పారో, మేమే అలా విన్నామో ఇప్పుడు తేల్చలేను. మనిషి వచ్చినట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు. పేపరులో శీర్షిక చదువుతారు, కింద వార్త చదవలేరు. మొన్న భీమిలిలో పెళ్లికని బయలుదేరి, 900K నంబరు బస్సు అనుకుని 400K ఎక్కి కూర్మన్నపాలెంలో తేలారు. కండక్టరు టికెట్టు అడిగే వేళకు నాన్న నిద్రపోయారట. అది ఆయన చెప్పే కారణం.

డాక్టరు గారు "ఇక దీన్ని కాపాడుకోవడమే" అని ఒక్క మాట అన్నారు, ఆ వెంటనే తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశారు. కాపాడుకుంటే ఎన్నాళ్లు నిలుస్తుంది? ఐదేళ్లా, పదేళ్లా? లేక మెల్లగా జారిపోతుందా? ఆసుపత్రి కరపత్రంలో ఉండే సమాధానం నాకు వద్దు. ఈ ఆపరేషను అయి చాలా ఏళ్లు దాటినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

అనకాపల్లి_బెల్లం
పదేళ్లు దాటినవాణ్ని కాను, షుగరు మాత్రం పుష్కలంగా ఉంది. ఓ పక్కన కూర్చుని వింటాను.

పెందుర్తి_కోడలు
మా అత్తగారికి గ్యాస్ కాదు, ఆయిల్ వేశారు. రెండేళ్లయింది. వంట మధ్యలో ఉన్నాను, రాత్రి రాస్తాను.

బీచ్‌రోడ్డు_ఉదయం
ఆపరేషనుకు తొందరపడ్డారనిపిస్తోంది. నాకు 2019లో ఇలాగే కంట్లో రక్తం దిగింది. కత్తి వద్దని ఊరుకున్నాను. మొదట కంట్లోకి రెండు ఇంజెక్షన్లు, మూడు నెలల ఓపిక. దానంతట అదే తేటపడింది. ఇప్పటికీ ఎండాడ నుంచి ఆర్కే బీచ్ దాకా కారు నడుపుకుంటూ వెళ్లి అక్కడ నడిచి వస్తాను. కంటి ఆపరేషన్లు ఈ మధ్య బాగా వ్యాపారమైపోయాయి.

గాజువాక_గడియారం
మేడమీద గారూ, మీరు అడిగిన మనిషిని నేనే. రెండు కళ్లూ అయ్యాయి. కుడి కన్ను 2013లో, ఎడమ కన్ను 2015లో. వాచీలు బాగుచేయడం నా వృత్తి కాబట్టి చూపు ఎంత పోయిందో, ఎంత మిగిలిందో నాకు మిల్లీమీటర్లలో తెలుసు.

కుడి కన్ను నా తప్పు. మొదట సాలెగూడులా కనిపించింది, తర్వాత ఎర్రగా, తర్వాత నల్లగా. పైన బీచ్‌రోడ్డు గారిలాగే నేనూ తేటపడుతుందని కూర్చున్నాను. నాలుగు నెలలు. వెళ్లేసరికి పొర నడిమధ్య భాగం కూడా ఊడిపోయి ఉంది. అప్పటికి చెయ్యి ఆడిస్తే ఆడుతున్నట్టు తెలుస్తోంది, అంతే. ఆపరేషను తర్వాత ఆరు నెలలకు 6/60 వచ్చింది. ఈరోజు కూడా 6/60. అన్నేళ్లలో ఒక్క వరుస పెరగలేదు, ఒక్క వరుస తగ్గలేదు.

ఎడమ కంట్లో రక్తం దిగిన మూడో వారానికే ఆపరేషను బల్ల మీద ఉన్నాను. అప్పటికి పొర మధ్యభాగం చెక్కుచెదరలేదు. రెండో ఏడాది శుక్లం ముదిరితే అదీ తీయించుకున్నాను. విట్రెక్టమీ అయిన కంటికి శుక్లం తొందరగా రావడం మామూలే అన్నారు. ఆ తర్వాత 6/9, ఇప్పుడు 6/12. మనిషి ఒకడే, షుగరు ఒకటే. ఒక కన్ను అలా, ఒక కన్ను ఇలా. తేడా ఎక్కడుందో చూశారు కదా.

ఆ బోర్డు మీద అంకెలు అసలు సంగతి చెప్పవు. రెండు కళ్ల చూపూ కలవదు కాబట్టి లోతు తెలియదు. చిమటాతో మర పట్టుకుని గుంటలో పెడదామంటే పక్కన పడుతుంది. ఆడవాళ్ల చిన్న వాచీలు 2014లోనే మానేశాను. గోడ గడియారాలు, బ్యాటరీలు, పట్టీలు, కాస్త పెద్ద మగవాళ్ల వాచీలు చేస్తాను. టీ పోసేటప్పుడు కెటిల్ మూతిని గ్లాసు అంచుకు ఆనించి పోస్తాను, లేకపోతే టీ బల్లకు. పొర అంచుల చుట్టూ లేజరు వేసినందువల్ల చీకట్లో, పక్కల నుంచి వచ్చేవి కనిపించవు. సినిమా హాల్లోకి ఆట మొదలయ్యాక అడుగు పెట్టను. ఇంట్లో మెట్ల అంచులకు మా ఆవిడ తెల్ల రంగు వేసింది. ముగ్గు కూడా కలిసొస్తుందని అప్పుడప్పుడు దానికి చుక్కలు కలుపుతుంది.

నిలిచిందా అంటే నిలిచింది. ఊరికే నిలవలేదు. నాలుగు నెలలకోసారి చుక్కలు వేయించుకుని లోపల చూపించుకుంటాను. లాక్‌డౌన్ వచ్చిన 2020లో ఎనిమిది నెలలు వెళ్లలేదు. ఎడమ కంట్లో వాపు వచ్చి 6/24కు దిగింది. ఐదు ఇంజెక్షన్లతో వెనక్కి వచ్చింది, అప్పటి 6/9కి మాత్రం రాలేదు. ఆ ఒక్క వరుస ఆ ఎనిమిది నెలలకు నేను కట్టిన అపరాధం.

మద్దిలపాలెం_మేడమీద
గడియారం గారూ, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. టీ సంగతి దగ్గర నవ్వారు. మెట్ల సంగతి దగ్గర ఏమీ అనలేదు.

చుక్కలమందు
నేను డాక్టరును కాను. కంటి ఆసుపత్రిలో బోర్డు చూపించి అక్షరాలు చదివించే ఆప్టోమెట్రిస్టును. రోజూ కనీసం నలుగురు ఇదే మాట అడుగుతారు: "ఆపరేషను బాగా జరిగిందన్నారు కదా, మరి చూపేది?"

బావిలో బురద నీళ్లు తోడిస్తే అడుగు కనిపిస్తుంది. అడుగున ఊట ఉందా, రాయి ఉందా అన్నది తోడినవాళ్ల చేతిలో లేదు. విట్రెక్టమీ చేసేది ఆ తోడే పనే. రక్తం కలిసిన జెల్లీని తీసేసి, పొరను లాగుతున్న పీచును కోసి, లేజరు వేస్తారు. ఆ రక్తం వెనక మాక్యులా, అంటే పొరలో చదవడానికీ ముఖాలు గుర్తుపట్టడానికీ పనికొచ్చే నడిమి భాగం, ఎంత బతికి ఉందన్న దాని మీదే చూపు ఆధారపడుతుంది. రక్తం నిండి ఉన్నప్పుడు అది ముందే చూడడం కష్టం. అందుకే ఆపరేషనుకు ముందు ఎవరూ గట్టి మాట ఇవ్వలేరు.

6/36 అంటే మామూలు కన్ను 36 మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్లకు వస్తే గాని చదవలేదు. మీ నాన్నగారి ఫైలులో ఓసీటీ (పొర స్కాను), యాంజియోగ్రామ్ (గుండెది కాదు, కంటి నాళాల ఫోటో) కాగితాలు ఉన్నాయా? యాంజియోగ్రామ్ మీద "మాక్యులర్ ఇస్కీమియా" అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే నడిమి భాగానికి రక్తం అందించే సన్నని నాళాలు మూసుకుపోయాయని అర్థం. అది ఉంటే అద్దాలు మార్చీ లాభం లేదు, ఆపరేషను చేసినవారిని తిట్టీ లాభం లేదు.

అసలు ప్రశ్న మీరు రాయనే లేదు. ఎడమ కన్ను చివరిసారి చుక్కలు వేసి ఎప్పుడు చూశారు?

బీచ్‌రోడ్డు_ఉదయం
అంటే ఆపరేషను చేసి చూపు రాకపోయినా తప్పు ఎవరిదీ కాదన్నమాట. సౌకర్యంగా ఉంది.

సీతమ్మధార_లెక్కలు
బీచ్‌రోడ్డు గారూ, మీ వాదనలో సగం నిజం. ఆ సగం గురించి 2020లో ఒక పెద్ద పరిశీలన ఫలితాలు వచ్చాయి. అమెరికా, కెనడాల్లో షుగరు వల్ల కంట్లో రక్తం దిగిన 205 కళ్లను తీసుకుని, సగం మందికి కంట్లోకి అఫ్లిబెర్సెప్ట్ అనే మందు ఇంజెక్షన్లు, సగం మందికి లేజరుతో కలిపి విట్రెక్టమీ చేశారు. ఆరు నెలలకు సగటు చూపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండేళ్లకు కూడా దాదాపు సమానమే. రక్తం తేటపడడానికి మాత్రం ఆపరేషను వారికి మామూలుగా 4 వారాలు పడితే, ఇంజెక్షన్ల వారికి 36 వారాలు. రెండేళ్లలో ఇంజెక్షన్ల జట్టులో మూడో వంతు మందికి చివరికి ఆపరేషను తప్పలేదు. ఆపరేషను జట్టులోనూ దాదాపు అంతమందికి ఇంజెక్షను తప్పలేదు. అంటే ఏ దారిలో వెళ్లినా రెండో దారి గేటు ఒకసారి తట్టాల్సి రావచ్చు.

ఇక మీరు వదిలేసిన సగం: పొర నడిమధ్య దాకా లాగేసిన కళ్లను ఆ పరిశీలనలో చేర్చుకోలేదు. మేడమీద గారి నాన్నగారికి రక్తంతో పాటు పొర లాగుడు కూడా ఉంది. మీ కంటికీ ఆయన కంటికీ పోలిక కుదరదు.

బీచ్‌రోడ్డు_ఉదయం
36 వారాలా! నాది పన్నెండు వారాల్లో తేలింది.

సీతమ్మధార_లెక్కలు
అదృష్టవంతులు. సగటుకు రెండు పక్కలా మనుషులు ఉంటారు.

పెందుర్తి_కోడలు
అత్తగారి కథ. పొర బాగా ఊడిపోయిందని సిలికాన్ ఆయిల్ వేశారు. గ్యాస్ అయితే కొన్ని వారాల్లో తనంతట తానే పోతుంది. ఆయిల్ పోదు, మళ్లీ ఆపరేషను చేసి తీయాలి. మాకు నాలుగు నెలల తర్వాత రమ్మన్నారు. మధ్యలో ఆడపడుచు పెళ్లి, తర్వాత ఊళ్లో కోతలు, తర్వాత మామగారి మోకాలు. మొత్తానికి పద్నాలుగో నెలలో తీసుకెళ్లాం. అప్పటికి ఆయిల్ చిన్న చిన్న బొట్లుగా విరిగి కంటి ముందు గదిలోకి వచ్చింది, కంట్లో ప్రెషరు 38. "కన్ను బరువుగా ఉందే అమ్మాయ్" అని ఆవిడ అంటూనే ఉన్నారు, మేము అమృతాంజనం రాస్తూనే ఉన్నాం. ఆయిల్ తీశారు, పొర అతుక్కునే ఉంది, కానీ ప్రెషరుకు నరం దెబ్బతింది. ఇప్పుడు మూడు రకాల చుక్కల మందులు, జీవితాంతం. తప్పు మాదే, అందుకే రాస్తున్నాను. ఆయిల్ వేయించుకున్నవాళ్లు తీసే తేదీని గోడ మీది క్యాలెండరులో ఎర్ర సిరాతో రాసుకోండి.

బోర్లా పడుకోవడానికి మా చిట్కా: రెండు కుర్చీల మధ్య ఖాళీ వదిలి, తల ఆనించడానికి పాత చీరలను చుట్టకుదురులా చుట్టి, కింద నేల మీద ఫోనులో భక్తి పాటలు. పది రోజుల్లో ఆవిడకు అన్నమయ్య కీర్తనలన్నీ కంఠతా వచ్చేశాయి.

అనకాపల్లి_బెల్లం
మా ఊరి పేరు వింటేనే నాకు షుగరు ఇరవై పెరుగుతుంది. దానికి తోడు మాడుగుల హల్వా పక్కనే. మమ్మల్ని ఆ భగవంతుడు ఎక్కడ పుట్టించాలో బాగా ఆలోచించే పుట్టించాడు.

కొండగాలి
గ్యాస్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నేను విశాఖ నుంచి అరకుకు కారు నడుపుతాను. మూడేళ్ల కిందట ఒక కుటుంబం ఎక్కింది. పెద్దాయన కంటికి పచ్చ కవచం ఉంది. శుక్లం అనుకున్నాను. అనంతగిరి దాటాక ఆయన కన్ను పట్టుకుని అరవడం మొదలుపెట్టారు. వాంతులు. అప్పుడు చెప్పారు, వారం కిందట కంట్లో గ్యాస్ పెట్టారని. వెంటనే బండి వెనక్కి తిప్పి దిగాను. దిగుతున్నకొద్దీ నొప్పి తగ్గింది. నాకు అర్థం కాలేదు, దయ్యం వదిలినట్టు.

చుక్కలమందు
దయ్యం కాదు, గాలి ఒత్తిడి. ఎత్తుకు వెళ్లేకొద్దీ బయట ఒత్తిడి తగ్గుతుంది, కంట్లోని గ్యాస్ ఉబ్బుతుంది, కంటి ప్రెషరు ఒక్కసారిగా పెరుగుతుంది. నరానికి రక్తం ఆగిపోయి చూపు శాశ్వతంగా పోవచ్చు. విమానం ఎక్కవద్దని అందరికీ చెబుతాం. కొండల సంగతి చెప్పడం మరిచిపోతుంటాం, మన ఊరి వాళ్లకే ముందు చెప్పాలి. అరకు 900 మీటర్లకు పైనే ఉంది. రైల్లో వెళ్లినా అంతే, ఆ దారిలో శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తు. లంబసింగి, పాడేరు, తిరుమల కూడా గ్యాస్ పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పేదాకా వద్దు. వాడిన గ్యాస్‌ను బట్టి రెండు వారాలు కావచ్చు, రెండు నెలలు కావచ్చు. ఈలోగా పన్నుకో, మరో దానికో మత్తు ఇవ్వాల్సి వస్తే కంట్లో గ్యాస్ ఉందని ముందే చెప్పాలి. నైట్రస్ ఆక్సైడ్ మత్తు కూడా అదే పని చేస్తుంది. కొండగాలి గారూ, వెనక్కి తిప్పి మంచి పని చేశారు.

కొండగాలి
ఆయన కన్ను ఏమైందో తెలియదు. కిరాయి మాత్రం పూర్తిగా ఇచ్చారు.

పొన్నగంటి_పోషకులు
ఇన్ని కత్తులు, సూదులు ఎందుకు? పొన్నగంటి కూర నలభై రోజులు తింటే కళ్లు మెరుస్తాయని మా తాతమ్మ చెప్పేది. ఆవిడ తొంభై ఏళ్ల వయసులో సూదిలో దారం ఎక్కించింది. ఆకు పసరు రెండు చుక్కలు కంట్లో వేసినా మంచిదే.

భీమిలి_అక్క
కూర వండుకుని తినండి, ఎవరూ కాదనరు. పసరు మాత్రం కంట్లో వేయవద్దు, ఆపరేషను అయిన కంట్లో అసలే వద్దు. మీ తాతమ్మకు షుగరు ఉందా?

పొన్నగంటి_పోషకులు
లేదు.

భీమిలి_అక్క
మరి.

మా అమ్మ సంగతి చెబుతాను. లెక్కలు గారు చెప్పిన రెండు దారుల్లో మాది ఇంజెక్షన్ల దారి. మొదట్లో బాగా పని చేసింది. అమ్మ దినపత్రిక చదివేది, సీరియల్ చూసి తిట్టేది. ఆ తర్వాత కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. భీమిలి నుంచి రావడం, నాలుగు గంటలు పడుకోవడం, వాడిపోయి ఇంటికి చేరడం. మిగిలిన రోజుల్లో కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్దామంటే "ఈ వారం వద్దులే" అనేది. నాకూ ఒంట్లో ఓపిక ఉండేది కాదు. ఐదు నెలలు. ఆ ఐదు నెలల్లో కంటి ముందు భాగంలో, నల్లగుడ్డు మీదకు కొత్త నాళాలు పెరిగి ప్రెషరు ఎక్కింది. కన్ను ఎర్రగా, రాయిలా అయింది. ఒక రాత్రి నొప్పికి తల గోడకు కొట్టుకుంది. ఆ కన్ను ఇక రాలేదు.

రెండో కంటికి వెంటనే చుట్టూ లేజరు వేయించాం. లేజరు చూపును పెంచదు, పక్క చూపు కొంత తీసుకుంటుంది కూడా. ఒకసారి వేస్తే దాని పని అది చేస్తూ ఉంటుంది. ఇంజెక్షను అలా కాదు, మనిషి వస్తూ ఉంటేనే పని చేస్తుంది. బీచ్‌రోడ్డు గారూ, మీరు నడిచి వెళ్లగలిగే మనిషి. మా అమ్మ కాదు. ఎవరికి ఏది అని అడిగేటప్పుడు రోగి ఎన్నిసార్లు రాగలరన్నది కూడా చెప్పాలి. ఆ ముక్క మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

బీచ్‌రోడ్డు_ఉదయం
అక్కా, క్షమించండి. నేను నా ఒక్క కంటి అనుభవాన్నే అందరికీ కొలిచాను. లేజరు గురించి నేను ఎప్పుడూ అడగలేదు. ఇంజెక్షన్లు కూడా రెండేళ్ల కిందట ఆపేశాను, బాగుంది కదా అని.

చుక్కలమందు
బాగుంది కదా అనుకునేవాళ్లే మాకు ఆలస్యంగా వస్తారు. ఈ వారం వెళ్లండి.

సీతమ్మధార_లెక్కలు
చరిత్ర ఇష్టమున్నవారికి ఒక మాట. ఈ ఆపరేషనును 1970లో మయామీలో రాబర్ట్ మాకెమర్ మొదలుపెట్టారు. అంతకుముందు కంట్లోని జెల్లీని ముట్టుకోవడమే పాపం అనుకునేవారు. అది తీస్తే వచ్చేదెంత అని 1985లో ఫలితాలు ఇచ్చిన అమెరికా పరిశీలన ఒకటుంది. రక్తం దిగిన కళ్లకు తొందరగా ఆపరేషను చేస్తే రెండేళ్లకు 25 శాతం మందికి మంచి చూపు, మన లెక్కలో 6/12 లేదా అంతకంటే మెరుగు. ఏడాది ఆగి చేస్తే 15 శాతం. చిన్నవయసులో వచ్చే టైప్ 1 షుగరు వారిలో తేడా ఇంకా ఎక్కువ, తొందరగా చేస్తే 36 శాతం, ఆగి చేస్తే 12 శాతం. ఇవి పాత అంకెలు. అప్పట్లో ఆపరేషను మధ్యలోనే లోపల లేజరు వేసే వీలు లేదు, పనిముట్లు లావు. ఇప్పుడు వాడే గొట్టం మిల్లీమీటరులో సగం. కాబట్టి ఈ అంకెలు చూసి ఎవరూ గుండెలు బాదుకోవద్దు. ఆగడం వల్ల నష్టం ఎటువైపు ఉంటుందన్నది మాత్రం గడియారం గారి రెండు కళ్లూ ఆ పాత అంకెలూ ఒకేలా చెబుతున్నాయి.

గాజువాక_గడియారం
నా కళ్లు పరిశోధన పత్రికలోకి ఎక్కాయన్నమాట. మా ఆవిడకు చెబుతాను.

మద్దిలపాలెం_మేడమీద
కాగితాలు వెతికాను. యాంజియోగ్రామ్ తీయలేదు, ఓసీటీ మాత్రం ఉంది. ఎడమ కన్ను గురించి నాన్నను అడిగితే "దానికేం, రాయిలా ఉంది" అన్నారు. ఆపరేషను తర్వాత దానికి చుక్కలు వేసి చూడలేదు. ప్రతిసారీ "కారులో ఎండకు కళ్లు మండుతాయి, ఈసారి వద్దు" అని తప్పించుకున్నారట.

ఇంకో రెండు సంగతులు. కంట్లో రక్తం దిగిందని తెలిసిన రోజు నుంచి గుండె డాక్టరు ఇచ్చిన ఆస్పిరిన్‌ను ఆయనే మానేశారు, రక్తం పలచబడుతుందని. ఆయనకు 2018లో స్టెంటు వేశారు. ఇక అమ్మ పట్టుదలగా అన్నం మాన్పించింది, ఇన్సులిన్ మొదలైంది. హెచ్‌బీఏ1సీ, అదే రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష, 10.8 నుంచి మూడు నెలల్లో 6.9కి వచ్చింది. ఇది మాత్రం మంచి వార్తే కదా?

సీతమ్మధార_లెక్కలు
ఆస్పిరిన్ విషయం రేపటికి కూడా వాయిదా వేయకండి, ఈరోజే గుండె డాక్టరుకు ఫోను చేయండి. షుగరు కళ్ల మీద చేసిన ఒక పెద్ద పరిశీలనలో 3,711 మందిని తీసుకుని, సగం మందికి రోజూ 650 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చి చూశారు. కంట్లో రక్తం దిగడం దానివల్ల పెరగలేదు. కంటి కోసం స్టెంటును పణంగా పెడుతున్నారు ఆయన, కంటికి లాభం లేకుండానే.

చుక్కలమందు
6.9 మంచి వార్తే. దానికొక తోక ఉంది. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగరు ఒక్కసారిగా పడిపోతే, అప్పటికే దెబ్బతిని ఉన్న రెటీనా మొదటి కొన్ని నెలలు మరింత పాడవడం కొందరిలో జరుగుతుంది. 1993లో వెలువడిన పేరున్న షుగరు పరిశీలనలోనూ ఇది కనిపించింది. కొన్నేళ్లు గడిచేసరికి అదుపులో ఉంచుకున్నవాళ్లే చాలా ముందున్నారు. కాబట్టి అమ్మగారు చేసింది తప్పు కాదు. ఈ కొన్ని నెలలు కంటిని మామూలు కంటే దగ్గరగా చూడాలన్నదే దాని అర్థం. మీరేమో ఎడమ కన్ను చూపించనే లేదు. ఎండ మండుతుందంటే నల్లద్దాలు కొనివ్వండి. బస్సు నంబరు తప్పు చదివింది కుడి కన్ను ఒక్కటే కాదని నా అనుమానం.

పెందుర్తి_కోడలు
ఖర్చుకు వెనకాడుతుంటే, ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చేసే ఆసుపత్రిలో రోగులకు దారి చూపే ఆరోగ్య మిత్ర కూర్చుంటారు, మందులు, పరీక్షలు దేనికి వర్తిస్తుందో ముందే అడగండి. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి మన ఊళ్లోనే ఉంది. పొద్దున్నే వెళ్లాలి, అంతే.

భీమిలి_అక్క
ఇంట్లో ఒక పని చేయించండి. గోడ క్యాలెండరు ముందు నిలబెట్టి, రోజూ ఒక్కో కన్ను మూసి గళ్లు చూడమనండి. గీతలు వంకర పోయినా, ఒక తేదీ మాయమైనా అదే రోజు బయలుదేరాలి. రెండు కళ్లతో కలిపి చూస్తే బాగున్న కన్ను బాగోలేనిదాన్ని దాచేస్తుంది. అమ్మ విషయంలో అలాగే జరిగింది.

అనకాపల్లి_బెల్లం
ఇదంతా చదివి ఇప్పుడే క్యాలెండరు ముందు నిలబడ్డాను. గళ్లు బాగానే ఉన్నాయి. ఏకాదశి ఎల్లుండని కూడా తెలిసింది. షుగరు వచ్చి ఎనిమిదేళ్లు, కంటి లోపల ఎవరూ చూడలేదు. సోమవారం వెళ్తున్నాను. నవ్వకండి.

మద్దిలపాలెం_మేడమీద
పందొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. చెప్పకుండా మాయమైనందుకు మన్నించండి.

ఎడమ కన్ను 6/18. రాయి కాదు. చుట్టూ కొత్త నాళాలు పెరిగాయి, ఒకచోట చిన్నగా రక్తం కూడా చిందింది, నడిమధ్య వాపు ఉంది. నాన్నకు ఏమీ తెలియలేదు. చుట్టూ లేజరు రెండు విడతల్లో వేశారు, వాపుకు ఒక ఇంజెక్షను అయింది, నెల నెలా కొన్ని ఉంటాయన్నారు. పొర లాగడం ఇంకా లేదు కాబట్టి ఆపరేషను అవసరం రాలేదు. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే ఏమయ్యేదని అడిగాను. డాక్టరు గారు జవాబు చెప్పకుండా కుడి కంటి ఫైలు మీద వేలు పెట్టారు.

కుడి కంటికి యాంజియోగ్రామ్ తీశారు. చుక్కలమందు గారు చెప్పిన మాటే, ఇస్కీమియా. నడిమి భాగంలో కొంత ఎండిపోయింది. శుక్లం మొదలైంది, అది ముదిరాక తీస్తే ఒకటి రెండు వరుసలు పెరగవచ్చు, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దన్నారు. ఈసారి నేను వరుసలో కూర్చునే ముందే ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను, తర్వాతి పేషెంటు లోపలికి వచ్చినా లేవలేదు. ఆస్పిరిన్ మళ్లీ వేసుకుంటున్నారు. గుండె డాక్టరు చేతిలో తిట్లు ఆయనకూ నాకూ సమానంగా పడ్డాయి. చూపు తక్కువైనవాళ్లకు సాయం చేసే లో విజన్ విభాగంలో ఒక భూతద్దం ఇచ్చారు, దీపం ఉన్నది. దాంతో నిన్న పేపరులో వార్త మొత్తం చదివారు, ఇరవై నిమిషాలు పట్టింది. చదివాక "ఇందులో ఏముందని ఇన్నాళ్లు బాధపడ్డాను" అన్నారు.

గడియారం గారూ, నాన్న దగ్గర పాత హెచ్‌ఎంటీ వాచీ ఒకటి ఉంది. కీ ఇచ్చేది. రోజుకు పది నిమిషాలు వెనక నడుస్తోంది. మీ దగ్గరకే తెస్తానని పట్టుబడుతున్నారు, మిమ్మల్ని చూడాలని.

బీచ్‌రోడ్డు_ఉదయం
నేనూ వెళ్లి వచ్చాను. లేజరు వేయాలన్నారు. వేయించుకుంటున్నాను. ఇంతకు మించి అడగవద్దు.

గాజువాక_గడియారం
మగవాళ్ల వాచీయే కదా, తీసుకురమ్మనండి. ఎడమ కంటితో చూస్తాను. పగటిపూట రమ్మనండి, ఇద్దరికీ మంచిది. 400K బస్సు ఎక్కమనండి. ఈసారి అది సరైన బస్సే.